నడిమి అర

ఫ్రిజ్ తలుపుల పెట్టొద్దన్నది సిస్టర్ రోజ్‌లిన్,
గడ్డకట్టే పై అరల అసలే వద్దన్నది.
నడిమి అరల,
దోసెపిండి గిన్నెకూ కరివేపాకు డబ్బాకూ నడుమ
ఇగో, పండుకొని ఉంటది
పదిహేను దినాలకొక్క సూది.

దేవరకొండ డిపోల కండక్టర్ని నేను.
మూడేండ్ల కింద
టికెట్ మిషన్ మీట నొక్కితే
బొటనవేలి కీలుల అగ్గిపుల్ల గీసినట్టయ్యేది.
చిల్లర ఏరరాక
సంచిని అట్లనే జనం ముందు పట్టేదాన్ని,
మీరే తీస్కోండ్రి అని.
ఒకాయన పది ఎక్కువ తీస్కున్నడు. చూసిన. అనలే.

నల్లగొండ డాక్టరు సైన్యమనీ శత్రువులనీ ఏదో చెప్పిండు.
నాకు నా తీరుగనే సమజైంది:
ఒంట్ల చెకింగ్ స్క్వాడ్‌కు మతి చెడ్డది.
టికెట్ ఉన్నోళ్లనే కాలర్ పట్టి దించుతున్నది,
మణికట్టును, మోకాలును,
పుట్టిననాడే పాస్ తీస్కున్న నా సొంత కీళ్లను.
సూది ఆ స్క్వాడ్‌ను నిద్రపుచ్చుతది.
"మంచిదే గదా" అన్న.
సిస్టర్ నవ్వి అన్నది:
"మంచిదే. గని ఇగ టికెట్ లేనోళ్లు ఎక్కినా
ఆపేటోళ్లుండరు.
ఫుట్‌బోర్డు మీద నువ్వే నిలవడాలె."

సూది మొదలుగాక ముందే
ఛాతి ఫోటో తీసిండ్రు, రక్తం గుంజిండ్రు,
ఇంట్ల ఎవరికన్న టీబీ ఉండెనా
ఎన్నడన్న కామెర్లయినయా అని
నా చిన్నతనం దాక తవ్విండ్రు.
మా తాత దగ్గు నాకప్పుడే యాదికొచ్చింది.

ఇప్పుడు ఆదివారమంటే నాకు తొడ.
పోయిన తడవ కుడి, ఈ తడవ ఎడమ,
క్యాలెండర్ మీద గీత గీసుకుంట.
అరగంట ముందు బయట పెట్టి
దాని సలి దాన్నే ఇడువనియ్యాలె,
వేడినీళ్లల్ల ముంచొద్దు, ఊపొద్దు.
గుచ్చినకాడ చింతగింజంత ఎర్రగ ఉబ్బుతది,
రెండు దినాల్ల పోతది.
పెదవులు వాస్తేనో, ఊపిరి పట్టేస్తేనో మాత్రం
తెల్లారేదాక ఆగొద్దట.
వాడిన సూది మందపు ప్లాస్టిక్ డబ్బల.
చెత్తబండి ఎల్లేశు చెయ్యి కూడ
చెయ్యే గదా.

ఎండకాలం కరెంటు పోతే ఫ్రిజ్ తెర్వనియ్య.
సల్లటి నీళ్లకని మా సైదులు చెయ్యేస్తే
పోలీసోని లెక్క కసిరిన.
బస్సుల ఎనక సీట్ల ఎవరో దగ్గితే
నా మాస్కుకు చెవులు మొలుస్తయ్.

మొన్న చెల్లె కళమ్మ ఫోన్ చేసింది
మల్లేపల్లి నుంచి:
"అక్కా, చిన్నోనికి తల్లి పోసింది,
యాపాకు తీస్కొని రా."
వాడు పుట్టిననాడు
మొదలు ఎత్తుకున్నది నేను.
"ఇంట్లకు రాను" అన్న.
అవతల ఊపిరి కూడ ఇనరాలే.
చెప్పిన, సూది సంగతి మల్ల చెప్పిన.
"నీకేమైతది, చిన్నప్పుడు నీకూ పోసిందేమో" అన్నది.
పోసిందో లేదో చెప్పేటందుకు అమ్మ లేదు.

పోకుంట ఉండలేకపోయిన.
బాట కివతల బోరింగు కాడ నిలవడి
వాళ్ల గోడ మీద బొండాలు వెట్టి
ఎనక్కి జరిగిన, అంటరానిదాన్ని నేనే అయినట్టు.
కిటికీల వాని మొఖం,
నిండా నీటిబొట్లు.
"పెద్దమ్మా, జర దగ్గరికి రా."
చెయ్యెత్తి ఊపిన.
అయిదు వేళ్లూ నిండుగ తెరుసుకున్నయ్.
మూడేండ్ల కింద పిడికిలే రానీ ఇప్పనీ చెయ్యి.
కళమ్మ గడపల నిలవడి
నా చేతినే చూసింది చానాసేపు.
ఆ తెరుసుకునుడే
నన్ను బాట కివతల ఆపింది.

ఈ ఆదివారం ఒళ్లు వెచ్చగున్నది.
ఫోన్ చేసిన.
"సూది తియ్యకు, పొద్దుగాల మొదటి బస్సుకే రా" అన్నది సిస్టర్.
నడిమి అరల అది అట్లనే పండుకున్నది.
నడిరాత్రి
బొటనవేలి కీలును ఎవరో తట్టిండ్రు,
మెల్లగ,
టికెట్ చూపెట్టమన్నట్టు.